అమ్మ తల మీద మెలనోమా: మెడ బిళ్ళలన్నీ తీయించాలా, ఒకటి రెండు చాలా?

రైలుకట్ట పక్కిల్లు (కావలి) · డిసెంబరు 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

అమ్మకి 61 ఏళ్లు. కార్తీకంలో మొక్కు తీర్చుకోవడానికి మాలకొండ పోయాం. ఆ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు, జనం సంగతి మీకు తెలిసిందే. తలనీలాలు తీసే ఆయన సగం గుండు చేసి ఆగిపోయాడు. "అమ్మా, నడినెత్తికి కాస్త వెనకాల నల్లగా ఉంది. పుట్టుమచ్చేనా? అంచు ఒక తీరుగా లేదు, ఎవరికైనా చూపించుకో" అన్నాడు. రోజూ నూనె రాసి ముడి వేసుకునే తల. దాంట్లో ఏముందో అమ్మకే తెలీదు, మాకేం తెలుస్తుంది.

నెల్లూరులో చర్మం డాక్టర్ గారు మచ్చ మొత్తం తీసి ముక్క పరీక్షకి పంపారు. మెలనోమా, అంటే చర్మంలో రంగు కణాలకి వచ్చే క్యాన్సర్, అని వచ్చింది. బ్రెస్లో మందం (అది చర్మంలోకి ఎంత లోతు దిగిందన్న కొలత) 1.8 మి.మీ., పుండు పడలేదు అని రాశారు. మెడకి అల్ట్రాసౌండ్ తీస్తే అనుమానించేంత బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) ఏమీ లేవు.

ఇక్కడే చిక్కొచ్చింది. ఒక సర్జన్ గారు "ఎందుకైనా మంచిది, రెండు పక్కలా మెడలో బిళ్ళలన్నీ తీసేద్దాం" అన్నారు. చెన్నైలో చూపిస్తే వాళ్లు "అన్నీ అక్కర్లేదు, సెంటినెల్ నోడ్ అని ఒకటో రెండో తీసి చూద్దాం" అంటున్నారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. ఒకరు అన్నీ అంటారు, ఒకరు ఒకటి రెండు అంటారు. వారం నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఈ దారిలో పోయినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి.

---

గెలాక్సీ రాయి (చీమకుర్తి) · డిసెంబరు 9, రాత్రి 10:15

తమ్ముడూ, నా మాట కఠినంగా ఉంటే ఏమనుకోవద్దు. మా పెదనాన్నకి దవడ కింద గడ్డ వచ్చింది. ముక్క తీశారు. మూడు నెలల్లో మనిషి లేడు. దాన్ని కదిలించకుండా ఉంటే ఇంకో రెండేళ్లు తిరిగేవాడు. కత్తి పెడితే పాకుద్ది అని మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. మా పక్క ఒకాయన పసరు కట్టు కడతాడు, కావాలంటే ఎవరో చెప్తా.

---

ఉప్పుటేరు మాస్టారు (సింగరాయకొండ) · డిసెంబరు 10, ఉదయం 6:20

రాయి గారూ, మీ పెదనాన్న గారి సంగతికి బాధగా ఉంది. కానీ ఆ లెక్కలో ఒక తప్పుంది. మన పల్లెల్లో ముక్క తీయించుకోవడానికి పోయేది ఎప్పుడు? గడ్డ నిమ్మకాయంతై, అన్నం మింగుడు పడనప్పుడు. అప్పటికే అది పాకి ఉంటుంది. తర్వాత మనిషి పోతే నింద కత్తి మీద పడుతుంది. నిప్పంటుకున్న వామి దగ్గరికి ఫైరింజన్ ఆలస్యంగా వచ్చిందని, ఫైరింజనే తగలబెట్టిందంటామా?

పసరు కట్టాయన పేరు మాత్రం ఇక్కడ రాయకండి. నా పెన్షన్‌లో సగం పంపిస్తా, ఆయన్నే బయాప్సీ చేయించుకోమని చెప్పండి.

---

కొండపి బ్యారన్ · డిసెంబరు 10, ఉదయం 11:05

అన్నా, మా నాన్నకి మెడలో బిళ్ళలన్నీ తీశారు, ఎడమ పక్క. ఆయనది మెలనోమా కాదు, నోటి క్యాన్సర్. పొగాకు పండించి, ఆ పొగాకే దవడన పెట్టుకున్న మనిషి. కాబట్టి మీ అమ్మగారికి ఏది మంచిదో నేను చెప్పలేను. ఆ ఆపరేషన్ ఎలా ఉంటుందో మాత్రం చెప్తా.

చెవి వెనక నుంచి మెడ మధ్య దాకా కోత. అందులో రెండు డ్రైన్ గొట్టాలు, చివర స్ప్రింగు డబ్బాలు. రోజూ ఎన్ని మి.లీ. వచ్చిందో రాసుకోవాలి, బాగా తగ్గాకే తీస్తారు. నాలుగో రోజు ఎడమ డబ్బాలో పాలలాగా వచ్చింది. మేము చీము అనుకుని హడలిపోయాం. అది చీము కాదంట. తిన్న కొవ్వుని మోసే నాళం ఒకటి మెడ ఎడమ పక్క అడుగున వచ్చి సిరలో కలుస్తుందంట, దానికి చిన్న గాటు పడిందన్నారు. వారం పాటు నూనె, నెయ్యి, పాలు బంద్ చేసి గట్టి కట్టు కట్టారు, అదే ఆగిపోయింది.

నిజంగా కష్టపెట్టింది భుజం. మెడ పక్కగా ఒక నరం భుజానికి పోతుంది. తెగకపోయినా, అటూ ఇటూ లాగినందుకే నీరసిస్తుందంట. నాన్న ఆరు నెలలు చెయ్యి తల పైకి ఎత్తలేకపోయాడు. చొక్కా వేసుకోవాలంటే ఒకరు పట్టుకోవాలి. ఫిజియోథెరపీకి ఒంగోలు తిప్పాం, వారానికి రెండుసార్లు. ఇప్పటికీ చెవి తమ్మె మొద్దుబారే ఉంది, దోమ కుట్టినా తెలీదంటాడు.

నోటి క్యాన్సర్‌కి అది అవసరం, చేయించినందుకు మాకు బాధ లేదు. కానీ "ఎందుకైనా మంచిది" అని చేయించుకునేంత చిన్న ఆపరేషన్ మాత్రం కాదు.

---

పీజీ కష్టాలు (ఒంగోలు, ప్రస్తుతం హాస్టల్) · డిసెంబరు 10, రాత్రి 11:50

డ్యూటీ అయ్యి ఇప్పుడే చూశాను. క్యాన్సర్ సర్జరీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. అమ్మగారిని చూడలేదు, స్లైడ్లు చూడలేదు. అది మనసులో పెట్టుకుని చదవండి.

బ్యారన్ అన్న చెప్పిన తేడా చాలా ముఖ్యం. మెడలో బిళ్ళలు తీయడం అనేది ఒకటే పేరు, కానీ ఏ క్యాన్సర్‌కి తీస్తున్నాం అన్నదాన్ని బట్టి లెక్కంతా మారిపోతుంది. 1906లో క్రైల్ అనే అమెరికా సర్జన్ మెడలో బిళ్ళలతో పాటు పెద్ద కండరం, పెద్ద సిర, భుజం నరం అన్నీ కలిపి తీసే పద్ధతి రాశాడు. తర్వాత వచ్చినవాళ్లు ఒక్కొక్కటే కాపాడుకుంటూ వచ్చారు. నోటి క్యాన్సర్‌లో ఈ ఆపరేషన్ ఇప్పటికీ ముఖ్యమైన వైద్యమే.

చర్మం మీది మెలనోమాలో, చేతికి బిళ్ళ తగలనప్పుడు, ముందుగానే అన్నీ తీసేయడం ఇప్పుడు పద్ధతి కాదు. 1992లో డోనల్డ్ మోర్టన్ బృందం ఇంకో దారి చూపింది. మచ్చ ఉన్న చోటు నుంచి పారే లింఫ్ నీరు ముందుగా చేరే బిళ్ళ ఒకటుంటుంది. పాకితే ముందు దానికే పాకుతుంది. రంగు ఎక్కించి దాన్ని కనిపెట్టి, దాన్నొక్కదాన్నే తీసి చూస్తే సరిపోతుంది. మందం 1 మి.మీ. దాటితే ఈ పరీక్ష చేయించమనే చెప్తాం. 0.8 నుంచి 1 దాకా ఉన్నా, పుండు పడినా, దాని గురించి మాట్లాడతాం. అమ్మగారిది 1.8. చెన్నైవాళ్లు చెప్పింది అందరూ పాటించే పద్ధతే.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. ఈ పరీక్ష చేయించుకున్నందువల్లే ఆయుష్షు పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. పరిస్థితి ఏంటో తెలుస్తుంది. తర్వాత మందు కావాలా వద్దా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

ఇంకోటి. తల మీద మచ్చ చుట్టూ వెడల్పుగా తీసే ఆపరేషన్, ఈ బిళ్ళ పరీక్ష ఒకేసారి చేయించండి. ముందు అది చేసి చర్మం అటూ ఇటూ జరిపి కుట్టేస్తే, నీరు పారే దారులు మారిపోతాయి. తర్వాత వెతికితే అసలు బిళ్ళ దొరక్కపోవచ్చు.

---

ఉప్పుటేరు మాస్టారు · డిసెంబరు 11, ఉదయం 6:05

సెంటినెల్ అంటే కావలివాడు గదా. అబ్బాయిది కావలి, వాళ్లమ్మకి చేసేది కావలి బిళ్ళ పరీక్ష. ఇంత కష్టంలో నవ్వినందుకు క్షమించు నాయనా. కానీ మీ అమ్మకి ఇట్టా చెప్తే అర్థమవుతుంది. చేలో గొడ్లు పడ్డాయో లేదో తెలియాలంటే ముందు కావలివాడిని అడుగుతాం. వాడు ఏమీ రాలేదంటే, చేను మొత్తం కోసుకుని చూసుకోం.

---

రైలుకట్ట పక్కిల్లు · డిసెంబరు 11, రాత్రి 8:30

మాస్టారూ, అమ్మకి అదే మాట చెప్పా. వారంలో మొదటిసారి నవ్వింది. "కావలివాడు నిద్రపోతా ఉంటేనో?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. డాక్టర్ గారూ, ఆ బిళ్ళ బాగుందని వచ్చి, వేరేదాంట్లో ఉండే అవకాశం ఉందా?

---

పీజీ కష్టాలు · డిసెంబరు 12, మధ్యాహ్నం 2:10

మీ అమ్మగారు మా ప్రొఫెసర్ అడిగే ప్రశ్నే అడిగారు. ఉంది. చేతులు, కాళ్లు, ఒంటి మీద మచ్చల కంటే తల, మెడ మచ్చల్లో ఇలా తప్పిపోవడం ఎక్కువ. కారణాలు ఉన్నాయి. కాలి మీద మచ్చ నుంచి నీరు దాదాపుగా గజ్జలకే పోతుంది. తల మీద నుంచి మాత్రం ఒక దారంటూ లేదు. రెండు చెవుల మీదుగా నెత్తి మీద ఒక గీత గీస్తే, గీతకి ముందున్నది చెవి ముందుండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథి వైపు, వెనకున్నది చెవి వెనకకి, మెడ వెనకకి పోతుందని పుస్తకాల్లో రాస్తారు. మనుషుల్లో చూస్తే చాలాసార్లు అలా ఉండదు. నడినెత్తి అయితే రెండు పక్కలకీ పోవచ్చు.

అందుకే ఈ పని అలవాటున్న చోట చేయించుకోవాలి. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం, ఎక్కించిన మందు ఏ బిళ్ళకి చేరిందో మూడు వైపుల నుంచి చూపే స్పెక్ట్ సీటీ స్కాన్ ఉండాలి. ఉత్త నీలం రంగు ఎక్కించి చేస్తామంటే తలకి సరిపోదు.

---

పెన్నా ఇసుక (నెల్లూరు, ఉద్యోగం చెన్నై) · డిసెంబరు 12, రాత్రి 9:00

నా పేరు పిలిచినట్టే ఉంది. నేను చేసేది ఆ స్కానే. న్యూక్లియర్ అనే మాట వినగానే మనవాళ్లు కల్పాక్కం అణు కేంద్రం గుర్తు తెచ్చుకుంటారు, అంత లేదు.

ఆపరేషన్ రోజు పొద్దునో, ముందు రోజు సాయంత్రమో, పాత కుట్టు మచ్చ చుట్టూ నాలుగైదు చోట్ల సన్న సూదితో టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు చర్మంలోకి ఎక్కిస్తాం. తల చర్మం గట్టి, కాబట్టి మండుతుంది. దాచి చెప్పను, ఒక నిమిషం పళ్లు బిగించుకోవాలి. టెక్నీషియం ఆరు గంటలకి సగం అవుతుంది. డోసు చాలా తక్కువ. ఎక్కించిన వెంటనే కెమెరా కింద పడుకోబెడతాం. నీరు ఏ దారిన పోతుందో చుక్కలు చుక్కలుగా తెర మీద కనపడుతుంది. తర్వాత స్పెక్ట్ సీటీ తీస్తే ఆ చుక్క చర్మానికి ఎంత లోతులో ఉంది, ఏ కండరం పక్కన ఉంది అన్నది తెలుస్తుంది. తలలో ఇదెందుకు ముఖ్యం అంటే, సూది వేసిన చోటే పెద్ద దీపంలా వెలుగుతుంది. చెవి వెనకున్న చిన్న బిళ్ళ ఆ వెలుగులో కలిసిపోతుంది. మూడు వైపుల నుంచి చూస్తేనే విడిగా కనపడుతుంది.

థియేటర్లో సర్జన్ చేతిలో పెన్నులాంటి గామా ప్రోబ్ ఉంటుంది. బిళ్ళ దగ్గరికి వచ్చేకొద్దీ కీచుమంటుంది. బిళ్ళ తీశాక బయట పెట్టి మళ్లీ కొలుస్తారు, లోపల ఇంకా మోగుతుంటే ఇంకోటి ఉన్నట్టు.

నీలం రంగు కూడా వాడితే మర్నాడు మూత్రం పచ్చగా వస్తుంది. ముందే చెప్పండి, లేకపోతే అమ్మగారు భయపడతారు. పోయిన నెల ఒకాయన బాత్‌రూమ్‌లోంచి కేక పెట్టి వార్డంతా లేపాడు.

---

చేపలపులుసు (నెల్లూరు) · డిసెంబరు 13, మధ్యాహ్నం 3:25

ఇక్కడ రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించా. మా ఆయన సంగతి మీ అమ్మగారి లాంటిది కాదు, కానీ చదివేవాళ్లకి పనికొస్తుంది.

ఆయన కుడి దవడ మీద చిన్న నల్ల మచ్చ. గడ్డం గీసుకునేటప్పుడు తెగుతోందని ఒక క్లినిక్‌కి పోతే పది నిమిషాల్లో కాల్చేశారు. ముక్క పరీక్షకి పంపలేదు. అడగాలని మాకూ తెలీదు. ఏడాదిన్నర తర్వాత చెవి కింద చింతగింజంత బిళ్ళ. పంటి నొప్పి అని మాత్రలు, చెవి పోటు అని చుక్కలు. చివరికి సూది పెట్టి చూస్తే మెలనోమా. అసలు మచ్చే లేదు కాబట్టి దాని మందం ఎంతో ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరైనా మచ్చ కాలుస్తామంటే ఒక్క మాట అడగండి, ముక్క పరీక్షకి పంపుతారా అని. లేదంటే లేచి వచ్చేయండి.

మాకు వెంటనే ఆపరేషన్ చేస్తారనుకున్నాం. వాళ్లు ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చి తర్వాత కోస్తామన్నారు. బిళ్ళ పెట్టుకుని సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చోవడమేంది అని మా అత్తగారు గొడవ. ఖర్చు అడగొద్దు. ఒక్కో డోసు లక్షల్లో. ఇందుకూరుపేట పక్క ఉన్న పొలం అమ్మాం.

తర్వాత పరోటిడ్, మెడ ఆపరేషన్. ఎనిమిది గంటలు. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి లోంచే కొమ్మలు కొమ్మలుగా పోతుందంట. ఒక్కో కొమ్మా కాపాడుకుంటూ చేశామన్నారు. అయినా ఐదు నెలలు పెదవి కుడి పక్క కిందికి దిగలేదు, నవ్వితే మూతి ఒక పక్కకే పోయేది. మంచినీళ్లు తాగితే కారేవి. ఇప్పుడు నూటికి తొంభై బాగుంది. మిగిలింది ఒకటే, అన్నం తినేటప్పుడు ఆ దవడ మీద చెమట పడుతుంది. లాలాజలం ఊరించే నరాలు తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పి చెమట గ్రంథులకి అతుక్కుంటాయంట. పులుసు ఎంత పుల్లగా ఉంటే అంత చెమట. నా వంట బాగుందో లేదో ఇప్పుడు నోటితో చెప్పక్కర్లేదు.

---

గెలాక్సీ రాయి · డిసెంబరు 13, సాయంత్రం 6:40

అక్కా, ముందు మందిచ్చి తర్వాత కోయడం ఏంది? వ్యాపారం కాకపోతే?

---

పీజీ కష్టాలు · డిసెంబరు 14, రాత్రి 12:35

రాయి అన్నా, ప్రశ్న సరైనదే, అనుమానం తప్పు. ఇమ్యునోథెరపీ మందు క్యాన్సర్‌ని నేరుగా చంపదు. మన ఒంట్లో ఉన్న రక్షణ కణాలకి బ్రేకు తీస్తుంది. ఈ బ్రేకు సంగతి కనిపెట్టినందుకే అలిసన్, హోంజో ఇద్దరికీ 2018లో నోబెల్ ఇచ్చారు. గడ్డ ఒంట్లో ఉండగా మందిస్తే, ఆ కణాలకి శత్రువు ముఖం ఎదురుగా ఉంటుంది, బాగా గుర్తుపడతాయి. అంతా కోసి పారేశాక ఇస్తే గుర్తుపట్టడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇది ఊహ కాదు. పెంబ్రోలిజుమాబ్ అనే ఈ రకం మందు మొత్తం ఆపరేషన్ తర్వాతే ఇచ్చినవాళ్లలో రెండేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా, వైద్యం ఆగకుండా ఉన్నది 49 శాతం. అదే మందు మూడు డోసులు ముందిచ్చి, కోసి, మిగతాది తర్వాత ఇస్తే 72 శాతం. ఇది 2023లో వచ్చింది. మరుసటి ఏడాది రెండు మందులు కలిపి ముందిచ్చిన పరిశోధనలో ఏడాదికి అలా ఉన్నది 83.7 శాతం, ముందు కోసి తర్వాత మందిచ్చే మామూలు పద్ధతిలో 57.2. అంటే బిళ్ళ చేతికి తగిలినా, స్కాన్‌లో కనపడినా, ఇప్పుడు నేరుగా కత్తి దగ్గరికి పోకుండా ముందు మందు గురించి అడగాలి. అక్క వాళ్లకి సరైన వైద్యమే దొరికింది.

ఇది పైకి తెలిసే బిళ్ళ ఉన్నవాళ్ల సంగతి. కావలి అన్న వాళ్లమ్మకి బిళ్ళ లేదు. ఈ రెండూ కలపకండి.

---

కొండపి బ్యారన్ · డిసెంబరు 14, ఉదయం 9:10

డాక్టర్ గారూ, ముంబై టాటా క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు ఇదే రకం మందు చాలా తక్కువ డోసులో ఇచ్చి చూశారని, ఖర్చు బాగా తగ్గుతుందని మా నాన్నప్పుడు విన్నాం. అక్కకి అది చెప్పలేదా?

---

పీజీ కష్టాలు · డిసెంబరు 14, మధ్యాహ్నం 1:00

అది 20 మి.గ్రా. నివోలుమాబ్. చేసింది నోరు, గొంతు లాంటి చోట్ల వచ్చే మామూలు తల, మెడ క్యాన్సర్ ముదిరినవాళ్లలో, కీమోతో కలిపి. మెలనోమా వేరే జబ్బు. అక్కడి ఫలితం తెచ్చి ఇక్కడ పెట్టలేం. చోటు ఒకటే కాబట్టి జబ్బు ఒకటే అనుకోవడం ఈ చర్చలో ఇది రెండోసారి.

---

రైలుకట్ట పక్కిల్లు · డిసెంబరు 20, రాత్రి 10:00

తీసిన ముక్క తాలూకు స్లైడ్లు, మైనం బ్లాకులు తెచ్చుకుని వేలూరులో ఇంకోసారి చూపించాం. మందం అదే. సెంటినెల్‌కే ఒప్పుకున్నాం. మొదటి సర్జన్ గారికి కూడా ఫోన్ చేసి చెప్పా, చెప్పకపోతే మర్యాద కాదని. ఆయనేం కోపగించుకోలేదు. "అక్కడ ఆ సౌకర్యం ఉంది, మంచిదే. నా దగ్గర లేదు కాబట్టి అట్టా చెప్పా" అన్నారు. ఆ ఒక్క ముక్క మొదట్లోనే చెప్పి ఉంటే మాకు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

జనవరి రెండో వారంలో తేదీ ఇచ్చారు. పండక్కి అమ్మ ఆసుపత్రిలోనే.

---

చేపలపులుసు · డిసెంబరు 20, రాత్రి 10:20

పండగ వచ్చే ఏడాదీ వస్తుంది. మెత్తటి దిండు ఇంటి నుంచే తీసుకుపో, ముందు బొత్తాలుండే జాకెట్లు, నైటీలు పెట్టు. తల మీంచి తొడిగేవి వద్దు.

---

రైలుకట్ట పక్కిల్లు · జనవరి 17, సాయంత్రం 5:15

అయిపోయింది. పినాకిని రైల్లో ఇంటికి వస్తా రాస్తున్నా, గూడూరు దాటాం.

ఇసుక అన్న చెప్పినట్టే జరిగింది. సూదులప్పుడు అమ్మ నా చెయ్యి నలిపేసింది. స్కాన్‌లో మూడు చుక్కలు కనపడ్డాయి. ఒకటి కుడి చెవి వెనక, ఒకటి కుడి పక్క మెడ వెనక భాగంలో. మూడోది ఎడమ మెడలో! మచ్చ ఉన్నది మధ్యకి కాస్త కుడిగా. ఎడమకి ఎందుకు పోయిందో దానికే తెలియాలి. మూడూ తీశారు, మూడు చిన్న కోతలు. డ్రైన్ పెట్టలేదు.

తల మీద నాలుగు సెం.మీ. వెడల్పున గుండ్రంగా తీసి, తొడ చర్మం పలచగా తీసి అతికించారు. విచిత్రమేమంటే తల నొప్పి లేదంట, తొడే మంట. కట్టు విప్పిన రోజు అమ్మ అడిగిన మొదటి మాట, అక్కడ జుట్టు వస్తుందా అని. రాదన్నారు. చుట్టూ ఉన్నది పెంచి ముడి వేసుకుంటే కప్పుకుంటుందని నర్సమ్మ చెప్పింది.

మూత్రం పచ్చగానే వచ్చింది. "పెసరట్టు రంగు" అని అమ్మే చెప్పింది.

---

పెన్నా ఇసుక · జనవరి 17, రాత్రి 8:45

ఎడమది చూశారా! ముందు చెప్పిన ప్రకారం రెండు పక్కలా అన్నీ తీసి ఉంటే అదీ పోయేదే అని కొందరంటారు. కానీ చెవి వెనకది ఆ ఆపరేషన్‌లో చాలాసార్లు లోపలే మిగిలిపోతుంది, అది మామూలుగా కోసే పరిధిలో ఉండదు. వెతికి తీయడానికీ, ఊడ్చి తీయడానికీ అదే తేడా. అమ్మగారు భుజం ఎత్తగలుగుతున్నారా? మెడ వెనక బిళ్ళ పక్కనే ఆ నరం ఉంటుంది, అడుగుతున్నా.

---

రైలుకట్ట పక్కిల్లు · జనవరి 17, రాత్రి 9:10

ఎత్తుతోంది అన్నా. రైలెక్కగానే పైన సామాన్ల అర మీద సంచి తనే పెట్టేసింది. నేనే తిట్టా.

---

రైలుకట్ట పక్కిల్లు · జనవరి 29, రాత్రి 11:30

రిపోర్టు వచ్చింది. తల మీద అంచులు శుభ్రం. కుడి పక్క రెండు బిళ్ళలూ శుభ్రం. ఎడమ మెడ బిళ్ళలో 0.4 మి.మీ. మచ్చ ఉంది. స్టేజ్ 3ఏ అని రాశారు.

ఆ 3 చూసినప్పటి నుంచి కాళ్లు చేతులు ఆడటం లేదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు మళ్లీ మెడ మొత్తం తీయాలా?

---

పీజీ కష్టాలు · జనవరి 30, ఉదయం 5:50

రాత్రే చూసి ఉంటే రాసేవాడిని, క్షమించండి. ముందు ఆ 3 గురించి. బిళ్ళలో సూది మొనంత ఉన్నా స్టేజ్ 3 అనే రాస్తారు. చేతికి తగిలే గడ్డ ఉన్నా 3 అనే రాస్తారు. ఏ నుంచి డీ దాకా నాలుగు మెట్లున్నాయి. అమ్మగారిది మొదటి మెట్టు.

మెడ మొత్తం తీయడం గురించి. ఇలా కావలి బిళ్ళలో మాత్రమే కనపడినవాళ్లు 1,900 మందికి పైగా ఉన్న పెద్ద పరిశోధన 2017లో వచ్చింది. సగం మందికి మిగతా బిళ్ళలన్నీ తీశారు. సగం మందికి తీయకుండా అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకుని ఉన్నారు. మూడేళ్లకి మెలనోమా వల్ల చనిపోకుండా ఉన్నది రెండు గుంపుల్లోనూ 86 శాతమే. తీసినవాళ్లలో బిళ్ళల్లో తిరగబెట్టడం తగ్గింది, అది నిజం. ఆయుష్షు మాత్రం పెరగలేదు. నీరు చేరి వాపు రావడం తీసినవాళ్లలో 24 శాతం, తీయనివాళ్లలో 6. అంతకు ముందు ఏడాది జర్మనీలో వచ్చినదీ ఇదే చెప్పింది, కాకపోతే అందులో తల, మెడ వాళ్లని తీసుకోలేదు. పెద్దదాంట్లో తీసుకున్నారు, వాళ్ల సంఖ్య తక్కువ. ఈ సందు ఉందని మీరు తెలుసుకోవాలి. అయినా ఎక్కువమంది ఇప్పుడు కనిపెట్టుకుని ఉండటాన్నే ఎంచుకుంటున్నారు.

ఆ పరిశోధనలో మొదటి రెండేళ్లు నాలుగు నెలలకోసారి, తర్వాత ఐదో ఏడు దాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి చూశారు. మానకుండా పోగలిగితేనే ఈ దారి. "ఈసారి కోతలున్నాయి, వచ్చే నెల పోదాం" అనే ఇంట్లో ఇది పనిచేయదు.

మందు గురించి మీ ఆంకాలజిస్టుతో మాట్లాడండి. 3ఏలో బిళ్ళలో మచ్చ 1 మి.మీ. దాటినవాళ్లనే పెంబ్రోలిజుమాబ్ పరిశోధనలో తీసుకున్నారు. 0.4కి మందు వద్దనే అనవచ్చు. ఈ మందుకి థైరాయిడ్ దెబ్బతినడం, షుగర్ రావడం, పేగు వాపు లాంటివి ఉంటాయి, కొన్ని జీవితాంతం ఉండిపోతాయి. వద్దంటే డబ్బు లేదని వదిలేశారనుకోకండి. బీఆర్ఏఎఫ్ పరీక్ష (క్యాన్సర్ కణాల్లో ఆ జన్యువు మారిందో లేదో చూసేది) మాత్రం చేయించి ఫైల్లో పెట్టుకోండి.

---

కొండపి బ్యారన్ · జనవరి 30, ఉదయం 7:30

అన్నా, అమ్మకి చెప్పు. మేము నాన్న దగ్గర నెల దాచాం. ఆయన వార్డులో పక్క మంచం ఆయన్ని అడిగి తెలుసుకున్నాడు. మాతో పదిహేను రోజులు మాట్లాడలేదు.

---

రైలుకట్ట పక్కిల్లు · ఫిబ్రవరి 6, రాత్రి 9:00

చెప్పా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కావలివాడు మేలుకునే ఉన్నాడు, దొంగని పట్టుకున్నాడు గదా" అంది.

ఆంకాలజిస్టు గారూ మందు వద్దన్నారు, నాలుగు నెలలకోసారి మెడ అల్ట్రాసౌండ్, డాక్టర్ చేతి పరీక్ష. నెలకోసారి మేమే మెడ, చెవుల వెనక తడిమి చూసుకోమని నేర్పించారు. స్నానం అయ్యాక నేను చూస్తున్నా. చిన్న చిన్న బిళ్ళలు మామూలుగానే తగులుతాయంట. గట్టిగా, కదలకుండా, పెరుగుతా ఉంటేనే కబురు చేయమన్నారు.

---

గెలాక్సీ రాయి · ఫిబ్రవరి 8, రాత్రి 10:40

తమ్ముడూ, సంతోషం. ఒకటి అడగాలి, ఎవరూ నవ్వొద్దు. నా అరికాలు మీద నల్లగా ఒక మచ్చ ఉంది. మూడేళ్లుగా ఉంది. క్వారీలో బూట్లు ఒరుసుకుని అనుకుంటున్నా. ఈ మధ్య కాస్త పెద్దదైనట్టుంది. ఇది పోయి చూపించుకోవాల్సిందేనా?

---

పీజీ కష్టాలు · ఫిబ్రవరి 8, రాత్రి 10:52

అన్నా, ఎవరూ నవ్వరు. మనవాళ్లలో మెలనోమా ఎక్కువగా కనపడేవాటిలో అరికాలు ఒకటి. ఎండ తగలని చోటా వస్తుంది. సోమవారం పోండి. వాయిదా వద్దు. కాల్చనివ్వద్దు, గీకనివ్వద్దు, ముక్క పరీక్షకి పంపమని అడగండి. చీటీ వచ్చాక ఇక్కడ రాయండి.

---

ఉప్పుటేరు మాస్టారు · ఫిబ్రవరి 9, ఉదయం 6:10

రాయి గారూ, సోమవారం ఒంగోలు ఆసుపత్రి దగ్గర నేనుంటాను. ఎనిమిదింటికి. టిఫిన్ తినకుండా రండి, కలిసి తిందాం.

---

గెలాక్సీ రాయి · ఫిబ్రవరి 9, ఉదయం 6:45

సరే మాస్టారూ. వస్తా.